పాత దెయ్యం సినిమాల క్యాసెట్లు తీసుకోండి సార్: పూణే ఫిల్మ్ ఆర్కైవ్‌కి బహిరంగ లేఖ

పూణేలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ పెద్దలందరికీ నమస్కారం. 2022లో మిమ్మల్ని ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే గవర్నమెంటు ఫిల్మ్ కార్పొరేషన్‌లో కలిపేశారు కాబట్టి వాళ్ళకి కూడా ఇదే లేఖ, విడిగా ఇంకోటి రాసే ఓపిక లేదు.

తెలుగులోనే రాస్తున్నా. మీ ఆఫీసులో ఒకరిద్దరు తెలుగోళ్ళు ఉండకపోరు, వాళ్ళు చదివి మిగతావాళ్ళకి చెప్తారు. అదీగాక నేను మాట్లాడబోయే సరుకు చాలావరకు మన ఊళ్ళ అటకల మీద, మూతబడ్డ షాపుల వెనక గదుల్లో పడుంది, అది ఎవరి దగ్గరుందో వాళ్ళు కూడా ఇది చదవాలి.

అడిగేది ఒకటే. 80ల్లో, 90ల మొదట్లో వీడియో షాపుల్లో తిరిగిన చవక దెయ్యం సినిమాల వీహెచ్ఎస్ క్యాసెట్లు తీసుకోవడం మొదలుపెట్టండి. సినిమా బాగుందా లేదా అని చూడకుండా, ప్రింట్ ఎక్కడైనా దొరుకుతుందేమో అని ఆగకుండా, డబ్బాతో సహా, షాపు స్టిక్కర్‌తో సహా తీసుకోండి. సినిమా అంటే రీలు, క్యాసెట్ అంటే దాని నకలు అని అందరిలో ఒక అభిప్రాయం ఉంది, పెద్ద సినిమాల విషయంలో అది కరెక్టే. వీటిల్లో చాలావాటికి ఆ నకలే మిగిలింది. కొన్నింటికైతే అసలు అనేదే ఎప్పుడూ లేదు, దాని సంగతి కింద చెప్తా.

దెయ్యం సినిమా అనగానే అందరూ రాంసే బ్రదర్స్ దగ్గర ఆగిపోతారు. నేనూ అక్కణ్ణుంచే మొదలుపెడతా, వాళ్ళ కథ తెలిస్తే మిగతావాళ్ళ గతి ఏమైందో అర్థమవుతుంది. ఎఫ్.యు. రాంసే కరాచీలో రేడియో షాపు నడిపిన మనిషి, దేశ విభజన తర్వాత బొంబాయి వచ్చి లామింగ్టన్ రోడ్డులో మళ్ళీ షాపు పెట్టుకున్నాడు, ఏడుగురు కొడుకులు. 1970లో 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' అని ఒక సినిమా తీసి చేతులు కాల్చుకున్నారు. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగు తగిలించుకుని దొంగతనానికి వచ్చే సీను ఒకటుంది, జనం ఆ ఒక్క సీనుకి కేకలు పెట్టి మిగతా సినిమాకి నీరసంగా కూర్చుంటున్నారని తులసి, శ్యామ్ అనే ఇద్దరు కొడుకులు హాల్లో కూర్చుని కనిపెట్టారు. ఆ సీనే సినిమా అంతా ఉంటే పోలా అని నాన్నకి చెప్పారు. సినిమా ఎలా తీయాలో నేర్చుకోడానికి వాళ్ళ నాన్న కొడుకుల్ని కశ్మీర్ తీసుకెళ్ళి హౌస్‌బోట్‌లో పెట్టి, జోసెఫ్ మాసెల్లి రాసిన సినిమాటోగ్రఫీ పుస్తకం చదివించాడని కూడా చెప్తారు, ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ మీ పక్కనే ఉంది కాబట్టి ఈ ముక్క విని మీకు నవ్వొస్తుందేమో.

1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. స్టార్లు లేరు, సెట్లు లేవు. అందరూ బస్సెక్కి మహాబలేశ్వర్ వెళ్ళి గవర్నమెంటు గెస్ట్ హౌస్‌లో దిగి అక్కడే తీసేశారు. ఇంట్లోవాళ్ళే టెక్నీషియన్లు: గంగు కెమెరా, కిరణ్ సౌండ్, అర్జున్ ఎడిటింగ్, కుమార్ రాత, తులసి, శ్యామ్ డైరెక్షన్. ఆ సినిమా ఆడింది, అక్కణ్ణుంచి ఇరవై ఏళ్ళు అదే పద్ధతి. 1984లో 'పురానా మందిర్' వచ్చేసరికి వాళ్ళ పేరే ఒక బ్రాండ్ అయిపోయింది. సామ్రీ అనే రాక్షసుడి తల నరికి పెట్టెలో దాచి, మొండెం పాత గుడి దగ్గర పాతిపెడతారు, వాడి శాపం వల్ల రాజు గారి వంశంలో ఆడవాళ్ళు కాన్పులో చచ్చిపోతుంటారు, తల మొండెం మళ్ళీ కలిస్తే ఏమవుతుందో మిగతా కథ. సామ్రీగా వేసిన అనిరుధ్ అగర్వాల్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివినాయన, ఆ ఎత్తు, ఆ మొహం చూసి తీసుకున్నారు, పెద్దగా మేకప్ కూడా అక్కర్లేదని జోకులేసేవాళ్ళు. మధ్యలో కమెడియన్ జగదీప్‌తో 'షోలే' పేరడీ ఒక ట్రాక్ ఉంటుంది, దానికీ దెయ్యానికీ ఏ సంబంధమూ లేదు, ఎందుకు పెట్టారో ఇప్పటికీ అర్థం కాదు, క్యాసెట్‌లో చూసేవాళ్ళందరూ అక్కడ ఫార్వర్డ్ కొట్టేవాళ్ళు.

వీళ్ళ సినిమాలు గొప్పవని నేను వాదించట్లేదు. నీలం లైటు, పొగ, తలుపు కిర్రుమనడం, మళ్ళీ పొగ. కానీ ఇది చూడండి, రాంసేల సినిమాలు కాస్త బాగా బతికింది ఎవరివల్ల? మోండో మకాబ్రో అనే విదేశీ కంపెనీ వల్ల. 'పురానా మందిర్', 'బంద్ దర్వాజా', 'వీరానా' లాంటివి శుభ్రంగా డీవీడీలు వేసింది వాళ్ళు, తర్వాత బ్లూరేలు వేసింది కూడా వాళ్ళే. తులసి రాంసే 2018లో పోయాడు, శ్యామ్ 2019లో, గంగు 2024లో. వాళ్ళు బతికుండగా కూర్చోబెట్టి ఏ సినిమా నెగటివ్, అంటే ప్రింట్లు తీసే అసలు రీలు, ఏ ల్యాబ్‌లో ఉందో అడిగి రాసుకోవాల్సింది ఎవరు? సరే, అది అయిపోయింది.

ఇప్పుడు మిగతావాళ్ళ సంగతి. 'పురానా మందిర్' డబ్బులు చూసి బొంబాయిలో ఇంకో బ్యాచ్ దిగింది. మోహన్ భాక్రీ, వినోద్ తల్వార్ లాంటివాళ్ళు. 'ఖూనీ మహల్', 'కబ్రస్థాన్', 'ఖూనీ పంజా', పేర్లు చూస్తేనే తెలుస్తుంది. రాంసేలకి ఉన్నపాటి ఓపిక కూడా వీళ్ళకి లేదు, ఉన్న బడ్జెట్ రబ్బరు మాస్కుకీ స్మోక్ మెషీన్‌కీ సరిపోయేది. ఇవి సిటీ హాళ్ళలో నిలిచేవి కావు, చిన్న సెంటర్లలో ఆడి, ఆ తర్వాత వాటి అసలు జీవితం క్యాసెట్ మీదే గడిచింది. ఈరోజు నెట్‌లో వీటిని వెతికితే దొరికేవి చాలావరకు ఏ క్యాసెట్ నుంచో ఏ వీసీడీ నుంచో ఎక్కించినవి, మసకగా, పక్కలు కోసేసి, మీద ఇంకెవరిదో లోగోతో. అంతకంటే మంచి కాపీ మీ వాల్టులో ఉంటే దయచేసి బయటపెట్టండి, నేను ఈ లేఖ వెనక్కి తీసుకుంటా.

ఉండకపోవచ్చు అని ఎందుకంటున్నానంటే, మన దేశంలో సినిమా తీసినవాడు ఒక ప్రింట్ మీకు ఇచ్చి తీరాలి అనే చట్టం లేదు. పుస్తకాలకి ఉంది, 1954 నుంచి ఉంది, పబ్లిషర్ తన కాపీ నేషనల్ లైబ్రరీకి పంపాలి. సినిమాకి అలాంటిది లేదు. నేషనల్ అవార్డు వచ్చినవాటి ప్రింట్లు మీ దగ్గరికి చేరే పద్ధతి ఉంది, మంచిదే. దానర్థం ఏంటంటే జ్యూరీకి నచ్చిన సినిమా బతుకుతుంది, 'ఖూనీ పంజా'కి నేషనల్ అవార్డు ఇచ్చే జ్యూరీ ఇంకా పుట్టలేదు. మీ పి.కె. నాయర్ గారు ఇలా ఆలోచించేవాడు కాదని విన్నాం. 1964లో మొదలైన మీ సంస్థని ఆయన ఊరూరా తిరిగి, పాత సామాను కొట్లలో వెతికి, మంచీ చెడూ ఎంచకుండా దొరికిందల్లా పోగేసి నిలబెట్టాడు. అయినా 'ఆలం ఆరా' దొరకలేదు. మొదటి టాకీ, దేశమంతా ఆడిన సినిమా, దానికే దిక్కులేకపోతే భాక్రీ సినిమాకి ఏముంటుంది చెప్పండి.

ఇప్పుడు అసలే లేని అసలు సంగతి. ఇది ఎక్కువగా అమెరికా ముచ్చట, కానీ మీకు పనికొస్తుంది. 80ల మొదట్లో అక్కడ ప్రతి వీధి చివరా వీడియో షాపు వచ్చేసింది, షాపువాడికి అల్మారా నింపుకోడానికి సరుకు కావాలి, పెద్ద కంపెనీల క్యాసెట్లు ఖరీదు. కవర్ మీద రక్తం కారే బొమ్మ ఉంటే లోపల ఏముందో చూడకుండా అద్దెకి తీసుకుపోయే జనం ఉన్నారు. దాంతో ఫిల్మ్ కెమెరా కూడా లేకుండా, ఇంట్లో పెళ్ళిళ్ళు తీసుకునే లాంటి వీడియో కెమెరాలతో దెయ్యం సినిమాలు తీయడం మొదలుపెట్టారు. 1983లో డేవిడ్ ప్రయర్ అనే ఆయన 'స్లెడ్జ్‌హామర్' అని ఒకటి తీశాడు, చాలాభాగం తన అపార్ట్‌మెంట్‌లోనే, నిమిషం సీనుని స్లో మోషన్‌లో మూడు నిమిషాలు సాగదీసి. 1985లో ఓక్లహోమాలోని టల్సాలో 'బ్లడ్ కల్ట్' తీశారు, థియేటర్ మొహం చూడకుండా నేరుగా షాపుల కోసమే.

వీళ్ళందర్లో నాకు బాగా నచ్చిన మనిషి గ్యారీ కోహెన్, న్యూజెర్సీ. ఆయన పనిచేసిందే వీడియో షాపులో. ఒకామె పిల్లల్ని పక్కన పెట్టుకుని ఒక నరుకుడు సినిమా క్యాసెట్ పట్టుకొచ్చి ఇందులో బూతు ఏమైనా ఉందా అని అడిగిందట, బూతు లేదమ్మా గానీ చంపడాలు బోలెడున్నాయి అంటే, అయితే పర్లేదు అని తీసుకెళ్ళిందట. దాంట్లోంచి 1987లో 'వీడియో వయలెన్స్' పుట్టింది: ఒక జంట చిన్న ఊళ్ళో వీడియో షాపు పెడతారు, ఒకరోజు ఎవరో పొరపాటున సినిమా బదులు ఇంట్లో తీసిన నిజం హత్య క్యాసెట్ వాపస్ చేసేస్తారు. నటన దారుణం, సౌండ్ ఇంకా దారుణం. కానీ ఆ కాలంలో వీడియో షాపు కౌంటర్ వెనక నిలబడితే మనుషులు ఎలా కనపడేవాళ్ళో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలీదు. ఏ సోషియాలజీ పుస్తకం కూడా కాదు.

షికాగోలో చెస్టర్ నోవెల్ టర్నర్ అని ఒక నల్లజాతి ఆయన, ఇళ్ళు రిపేర్ చేసే పని ఆయనది. 1984లో 'బ్లాక్ డెవిల్ డాల్ ఫ్రమ్ హెల్' అని ఒకటి తీశాడు, దెయ్యం పట్టిన బొమ్మ కథ. పాట, రాత, కెమెరా అన్నీ ఆయనే, మ్యూజిక్ అంతా ఒక చిన్న కీబోర్డు మీద. డిస్ట్రిబ్యూటర్ దెబ్బేశాడని రెండో సినిమాని తనే కాసిన్ని క్యాసెట్లు చేసుకుని అమ్ముకున్నాడు. ఆ రెండోదాని క్యాసెట్లు ఎన్నో లేవు కాబట్టి తర్వాత్తర్వాత కలెక్టర్లు ఒక్కో క్యాసెట్ వందల డాలర్లు పెట్టి కొనుక్కున్నారు. ఆయన చనిపోయాడని కూడా ఏళ్ళ తరబడి అనుకున్నారు, తీరా చూస్తే నిక్షేపంగా ఉన్నాడు, 2013లో ఆ సినిమాలు డీవీడీ మీద వచ్చాయి. ఇప్పుడు చెప్పండి, ఆ సినిమాకి నెగటివ్ ఎక్కడుంది? లేదు. వీడియో మీద తీశాడు, వీడియో మీద ఎడిట్ చేశాడు, వీడియో మీద అమ్మాడు. ఎవరి ఇంట్లోనో ఆ క్యాసెట్ బూజు పడితే ఒక మనిషి చేసిన పని మొత్తం పోయినట్టే.

2015లో యేల్ యూనివర్సిటీ లైబ్రరీ వాళ్ళు సుమారు 2,700 వీహెచ్ఎస్ క్యాసెట్లు కొన్నారు. ఏం సినిమాలు అనుకున్నారు? ఎక్కువ భాగం 70లు 80ల నాటి హారర్, బూతు, నరుకుడు సినిమాలే. యేల్ అండీ. షేక్స్‌పియర్ మొదటి ముద్రణలు దాచుకున్న చోటు. కవర్ల మీద బొమ్మలు, వెనక రాసిన మాటలు, షాపుల లేబుళ్ళు అన్నీ కలిపి ఆ కాలం అమెరికా చరిత్ర అని వాళ్ళు లెక్కేసుకున్నారు. వాళ్ళకి సిగ్గనిపించలేదు, మనకెందుకు అనిపించాలి.

మన క్యాసెట్లలో అయితే చరిత్ర ఇంకా ఎక్కువ ఉంది. 1982 ఏషియాడ్ టైమ్‌లో కలర్ టీవీ వచ్చింది, దాని వెనకే వీసీఆర్‌లు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు తెచ్చే సామానులో టూ-ఇన్-వన్ పక్కన వీసీఆర్ ఉండేది. కొనలేనివాళ్ళు టీవీ, వీసీపీ (క్యాసెట్ ప్లేయర్), మూడు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకునేవాళ్ళు, వాటిల్లో ఒకటి ఇంటిల్లిపాదికీ భక్తి సినిమా, ఒకటి కొత్త హిట్టు, మూడోది అర్ధరాత్రి పిల్లలు పడుకున్నాక దెయ్యం సినిమా, పిల్లలు పడుకునేవాళ్ళు కాదనుకోండి. ఆ క్యాసెట్లలో సినిమా నడుస్తుండగానే కింద అడ్వర్టైజ్‌మెంట్లు పాకుతుండేవి. పైన దెయ్యం మనిషి గొంతు కొరుకుతుంటే కింద పళ్ళపొడి. వీడియో కంపెనీవాళ్ళు ఎక్కించినవి అవి, థియేటర్ ప్రింట్‌లో ఉండవు. రేపు మీరు ఎక్కడో మంచి నెగటివ్ పట్టుకుని శుభ్రంగా 4కే క్వాలిటీలో స్కాన్ చేశారనుకోండి, దండం పెడతా, కానీ ఊళ్ళల్లో జనం చూసిన సినిమా అది కాదు. ఆ పళ్ళపొడి కూడా కావాలి.

ఇంకో మాట, వీడియో షాపు అంటే తక్కువగా చూడకండి. రాంగోపాల్ వర్మ సినిమాల్లోకి రాకముందు హైదరాబాద్ అమీర్‌పేటలో మూవీ హౌస్ అని వీడియో లైబ్రరీ నడిపాడు, అది ఆయనే చెప్పుకున్న మాట. ఆయన 1992లో తీసిన 'రాత్రి' చూసినోళ్ళకి తెలుసు, అందులో పొగ లేదు, పాడుబడ్డ కోట లేదు, మామూలు కాలనీ ఇల్లు, మామూలు కాలేజీ అమ్మాయి, ఖాళీ గదిలో కెమెరా అలా నడుచుకుంటూ పోతుంటే చాలు ఒళ్ళు జలదరిస్తుంది. అది ఫిల్మ్ స్కూల్లో వచ్చిన చదువు కాదు. ఏది జనం రెండోసారి అడిగి తీసుకెళ్తున్నారు, ఏది సగంలో ఆపి తిరిగిచ్చేస్తున్నారు అని కౌంటర్ మీద కూర్చున్నోడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది. వర్మ తర్వాత తీసినవాటి గురించి నన్ను అడక్కండి.

బూతు, హింస, ఆడవాళ్ళని చూపించిన తీరు, వీటికి గవర్నమెంటు డబ్బు పెట్టాలా అని మీలో ఎవరో ఒకరు అంటారు. ఆ తీరు అసహ్యంగానే ఉంటుంది చాలా సినిమాల్లో, బాత్రూం సీను లేని రాంసే సినిమా వెతకాలి. కానీ దాచిపెట్టడం అంటే మెచ్చుకోవడం కాదుగా. బ్రిటన్‌లో ఈ గొడవ పెద్దదే జరిగింది, 80ల్లో అక్కడ చవక హారర్ క్యాసెట్ల మీద పేపర్లు విరుచుకుపడ్డాయి, పోలీసులు షాపుల మీద పడి క్యాసెట్లు ఎత్తుకుపోయారు, ప్రాసిక్యూటర్ల లిస్టులో మొత్తం 72 సినిమాలు ఎక్కాయి, 1984లో చట్టం కూడా చేశారు. తీరా 2009లో బయటపడిందేంటంటే ఆ చట్టాన్ని యూరోపియన్ కమిషన్‌కి చెప్పాల్సిన పద్ధతిలో చెప్పనేలేదు, ఇన్నేళ్ళూ అది చెల్లనే లేదు, 2010లో హడావుడిగా మళ్ళీ పాస్ చేసుకున్నారు. ఈలోపు ఆ 72 సినిమాల లిస్టే కలెక్టర్లకి షాపింగ్ లిస్టు అయి కూర్చుంది. వాటిల్లో సగం సినిమాలు ఆ లిస్టులో లేకపోతే ఈపాటికి ఎవరికీ గుర్తుండేవి కావు. మన దగ్గర ఎవరూ నిషేధించి పుణ్యం కట్టుకోలేదు, అందుకే చప్పుడు లేకుండా పోతున్నాయి.

టైమ్ ఎందుకు లేదంటున్నానో చెప్తా. ఒక క్యాసెట్ విప్పి చూద్దాం. బోర్లిస్తే అడుగున ఐదు స్క్రూలు ఉంటాయి, తీస్తే రెండు చక్రాలు, వాటి మధ్య అర అంగుళం వెడల్పు టేపు. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడిని ఒక రకం జిగురుతో అంటిస్తారు, అదే బొమ్మ, అదే మాట. ఆ జిగురు గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ చెడిపోయి పొడి రాలడం మొదలవుతుంది. కోస్తా ఊళ్ళలో అయితే ఇంకో రోగం, చక్రం మీద చుట్టుకున్న టేపు అంచున తెల్లగా సన్నటి నూగులా బూజు కనపడుతుంది, క్యాసెట్ మీదుండే చిన్న కిటికీలోంచి టార్చి వేస్తే తెలిసిపోతుంది. అలాంటి క్యాసెట్‌ని మెషీన్‌లో పెట్టారా, టేపు మీద బొమ్మని చదివే హెడ్లున్న డ్రమ్ము నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటుంది, బూజు దానికి అంటుకుని బొమ్మ పోతుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. ఇక క్యాసెట్ వెనక అంచున ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది, అది విరిచేస్తే దానిమీద మళ్ళీ రికార్డు చేయడానికి రాదు. కంపెనీ క్యాసెట్లకి అది ముందే ఉండదు. మన షాపులవాళ్ళు ఏం చేసేవాళ్ళు, ఆ కన్నం మీద సెల్లో టేపు అంటించి, సినిమాకి గిరాకీ తగ్గగానే దానిమీదే కొత్త సినిమా ఎక్కించేవాళ్ళు. ఎవరి క్యాసెట్ల మీద ముందు వేటు పడేదో చెప్పక్కర్లేదు. 'ఖూనీ' అని పేరున్న ప్రతి సినిమా మీదా ఇంకేదో పెళ్ళి వీడియో ఉండే ఛాన్సుంది.

మెషీన్లు కూడా అయిపోయాయి. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016లో ఆపేసింది. హెడ్డు పోతే కొత్తది దొరకదు, రిపేర్ చేసే మెకానిక్‌లు రిటైరైపోతున్నారు. 2025 దాటితే అయస్కాంత టేపుల మీద ఉన్నది బయటికి తీయడం చాలామందికి కుదరదని 2019లోనే యునెస్కో వైపు నుంచి హెచ్చరిక వచ్చింది. ఆ గడువు దాటిపోయి కూర్చున్నాం మనం.

డబ్బు లేదనకండి. పాత సినిమాలు కాపాడే నేషనల్ ఫిల్మ్ హెరిటేజ్ మిషన్‌కి 597 కోట్లు అన్నారు. రీళ్ళు స్కాన్ చేయడంతో పోలిస్తే క్యాసెట్ ఖర్చు చాలా తక్కువ: మంచి కండిషన్లో ఉన్న కొన్ని మెషీన్లు, టేపు తుడిచే మనుషులు, హార్డ్ డిస్కులు. ఈమధ్య అయితే హెడ్డు దగ్గర్నుంచి వచ్చే సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి లాగి, బొమ్మగా మార్చే పని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీరిగ్గా చేసుకునే పద్ధతి వచ్చింది, సరదాగా చేసుకునే కుర్రాళ్ళు తయారుచేసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ అది. టేపు ఒక్కసారి నడిస్తే చాలు, రేపు ఇంకా మంచి సాఫ్ట్‌వేర్ వస్తే అదే సిగ్నల్ మీద మళ్ళీ పనిచేసుకోవచ్చు. ఇది మీకు తెలిసే ఉంటుంది, తెలిసి కూడా ఎందుకు మొదలుపెట్టలేదు అన్నదే ప్రశ్న.

హక్కుల గొడవ ఉందంటారు. ఉంది. సినిమాకి కాపీరైట్ 60 ఏళ్ళు, అంటే 1984లో రిలీజైన సినిమా 2044 చివరిదాకా ఎవరిదో ఒకరిది, ఆ ఎవరో ఒకరు బతికున్నారో లేదో, ఆ కంపెనీ ఉందో లేదో. క్యాసెట్ అప్పటిదాకా ఆగదు. కానీ 2012లో కాపీరైట్ చట్టం మార్చినప్పుడు ఒక వెసులుబాటు పెట్టారు, లాభం కోసం నడపని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గరున్న కాపీని భద్రపరచడం కోసం డిజిటల్‌గా దాచుకోవచ్చని, 52వ సెక్షన్‌లో ఉంటుంది చూడండి. అది మీకు వర్తిస్తుందో లేదో మీ లాయర్లు తేల్చాలి, వర్తించకపోతే వర్తించేలా అడగాల్సింది కూడా మీరే, మాలాంటివాళ్ళు అడిగితే ఎవరు వింటారు. రిలీజ్ చేయమని అడగట్లేదు, నెట్‌లో పెట్టమని అంతకన్నా అడగట్లేదు. దాచండి చాలు. 2045లో ఎవరో ఒక పిల్ల పీహెచ్‌డీ చేసుకుంటుంది.

చివరిగా మా బాధ ఒకటి. బెంగళూరులో, కోల్‌కతాలో, తిరువనంతపురంలో మీకు ఎప్పట్నుంచో రీజినల్ ఆఫీసులు ఉన్నాయి. ఏటా ఇన్ని సినిమాలు తీసే హైదరాబాద్‌లో లేదు. పెద్ద బిల్డింగ్ కట్టమనట్లేదు, నగరంలో ఒక గది, ఏసీ, ఒక మనిషి, వారంలో ఒక పూట తెరిచినా చాలు, విజయవాడలో ఇంకొకటి ఉంటే మరీ మంచిది, లేదంటే ఫలానా చిరునామాకి పార్సిల్ చేయండి, పోస్టేజీ మేం ఇస్తాం అని ఒక ప్రకటన వేయండి. షాపులు నడిపినవాళ్ళకి ఇప్పుడు 60, 70 ఏళ్ళు వచ్చాయి. వాళ్ళ పిల్లలకి ఇవి చెత్త, దసరాకి ఇల్లు దులిపినప్పుడల్లా కొన్ని పాత సామాన్ల బండిలోకి పోతాయి. క్యాసెట్ ఇచ్చినప్పుడు ఆ పెద్దాయన్ని ఒక అరగంట కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేసుకోండి, సరుకు ఎక్కణ్ణుంచి వచ్చేది, అద్దె ఎంత, పోలీసులు ఎప్పుడు వచ్చారు, ఏ దెయ్యం సినిమా ఎక్కువ తిరిగింది, అద్దెలు రాసుకున్న రిజిస్టరు ఇంకా ఉందా అని. రిజిస్టరు ఉంటే క్యాసెట్ల కంటే ముందు దాన్ని పట్టుకోండి.

జవాబు ఇంగ్లీషులో ఇచ్చినా హిందీలో ఇచ్చినా పర్లేదు, ఇవ్వండి.

ఇట్లు,
పాత క్యాసెట్లు పారేయనివ్వడని ఇంట్లో తిట్లు తినే ఒక మనిషి

తా.క. ఇది క్యాసెట్లు దగ్గరున్న మనవాళ్ళకి. పూణే వాళ్ళు కదిలేదాకా మీరు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. అటక మీంచి దించి ఇంట్లో ఎండ తగలని, చెమ్మ లేని చోట పెట్టండి, పడుకోబెట్టకుండా పుస్తకాల్లా నిలబెట్టండి, స్పీకర్ల పక్కన వద్దు. లోపల తెల్లగా కనపడితే వాటిని వేరే కవర్లో కట్టి విడిగా ఉంచండి, ఎంత ముచ్చటేసినా ప్లేయర్‌లో పెట్టొద్దు. డబ్బా చిరిగినా, లేబుల్ ఊడినా పారేయొద్దు, వెనక చేత్తో రాసిన పేర్లూ తేదీలూ చెరపొద్దు. మీ దగ్గర హిందీవి కాకుండా తెలుగు దెయ్యం సినిమావి, ముఖ్యంగా పేరు కూడా ఎవరూ విననివి ఉంటే ముందు వాటి ఫొటో తీసి పెట్టండి, కవర్ ముందూ వెనకా రెండూ.